రేవుమడి పక్కన ఖాళీ

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను గాజువాక మార్కెట్లో ఆనపకాయ బేరమాడుతున్నాను. ఫోన్లో అక్క ఏడవలేదు. "మీ బావ లేరే, వచ్చీ," అంది. ఎక్కడికెళ్ళాడని అడగబోయి, ఆ గొంతు విని ఆగిపోయాను. ఆనపకాయ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. ఉక్కునగరం గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఎప్పటిలాగే ఎవరింటికమ్మా అని అడిగితే "మా బావగారింటికి" అన్నాను, ఇన్నేళ్ళుగా అంటున్నట్టే. ఆ మాట అన్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

షిఫ్టు దిగి వచ్చి, టీ తాగి, వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడట. అక్క ఇడ్లీలు పెట్టుకుని వచ్చేసరికి పేపరు ఒళ్ళో జారిపడి ఉంది. పిలిస్తే పలకలేదు. రిటైర్మెంటు దగ్గర పడుతోంది, ఆ తరవాత ఊళ్ళోనే ఉంటానని ఏడాదిగా అంటున్నాడు. స్నానం చేయించేటప్పుడు గోళ్ళ సందుల్లోని తెల్లరంగు వదలడం లేదని ఎవరో కిరసనాయిలు గుడ్డ అడిగారు. "వద్దు, ఉండనియ్యండి. ఆయన చేతులెప్పుడూ అలాగే ఉండేవి," అంది అక్క. ఆ రంగుతోనే పంపించాం.

బావ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకపోతే బావ ఊళ్ళో గోడ సంగతి చెప్పేవాళ్ళు ఉండరు. చెప్పాల్సినాయన ఎలాగూ నోరు విప్పేవాడు కాదు, జీవితంలో ఒక్కసారి మైకు ముందు విప్పి జన్మంతా చింతించాడు. నోరున్న మరదల్ని కాబట్టి ఈ పని నా మీద పడింది.

స్టీల్ ప్లాంటులో బావది బిల్లెట్ యార్డు. బిల్లెట్లంటే పొడవాటి ఉక్కు దిమ్మలు. అవి చల్లారాక ఒక్కోదాని కొసన తెల్లరంగుతో నెంబరు వెయ్యాలి. ఏ కొలిమిలో కాగింది, ఏ పోతలోది అన్నీ ఆ నెంబర్లోనే ఉంటాయి. తప్పు నెంబరు పడితే దాని మీద అడ్డంగా గీత గీసి పక్కనే సరైంది వెయ్యాలి. గీత గీసి ఊరుకోవడానికి లేదు. నెంబరు లేని దిమ్మని ఎవరూ ముట్టుకోరు, ఎండకీ వానకీ యార్డు మూల పడి తుప్పు పట్టాల్సిందే. "కొట్టీసినోడే పక్కన రాయాల," అనేవాడు బావ. ఇంట్లో కూడా అదే మాట. అక్క సాయంత్రం సినిమా మానేద్దామంటే "కొట్టీసినావు సరే, పక్కన ఏటి రాసినావు?" అని అడిగేవాడు. పకోడీలు అని రాయాల్సి వచ్చేది.

డిగ్రీ చదవడానికి నేను వాళ్ళ క్వార్టర్‌కి వచ్చేనాటికి ఆ ఇంట్లో పేరు లేని వస్తువు లేదు. కారం డబ్బా మీద కారం అని, గొడుగు మీద అక్క పేరు, గ్యాసు బండ మీద అది వచ్చిన తారీఖు. వచ్చిన వారానికే నా హవాయి చెప్పుల అడుగున నా పేరు పడింది. "నా నుదుటి మీద కూడా రాసెయ్ బావా, ఎవరి మరదల్నో తెలుస్తుంది," అంటే "రంగు సాలదే, నీది ఎడల్పు నుదురు," అని నవ్వాడు. మన ఇళ్ళల్లో గిన్నెల మీద చదివించినవాళ్ళ పేర్లు చెక్కిస్తాం కదా, బావకి అది నచ్చేది కాదు. ఇచ్చినోడు ఓపాలి ఇచ్చి ఎళ్ళిపోయినాడు, రోజూ తోమినోళ్ళ పేరు కదా ఉండాల అనేవాడు. అన్నట్టే ఒకనాడు పెద్ద గంగాళం మీద, మా నాన్న పేరు పక్కనే, అక్క పేరు రాసేశాడు. అక్క వారం రోజులు దాన్ని బోర్లించి పెట్టుకుంది, ఎవరైనా చూస్తే నవ్వుతారని. లోపల మాత్రం మురిసిపోయింది.

బావది అచ్యుతాపురం దాటాక, ఉప్పుటేరు పక్కన ఉన్న చిన్న ఊరు. తండ్రి పోయాక పొలం అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. బావ అన్నయ్య పోర్టులో పనిచేసేవాడు. బావ వాటాకి వచ్చింది ఏటి ఒడ్డున ఉన్న మడి. దాన్ని రేవుమడి అంటారు. ఉద్యోగాలు చేసుకునే అన్నదమ్ములకి సేద్యం ఎక్కడ కుదురుతుంది? రెండు వాటాలూ పైడమ్మ కౌలుకి చేసేది.

పైడమ్మ పొడగరి. మొగుడు పోయాక తనే అరక పట్టింది. అడ్డపొగ చుట్ట, అంటే నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే చుట్ట, ఆ చుట్ట అలాగే ఉంచుకుని గలగలా మాట్లాడేది. ఏటేటా తొలకరికి ముందు ఆకూ వక్కా పట్టుకుని ఉక్కునగరం వచ్చేది. వరండాలో కూర్చుని, టీ తాగి, తాంబూలం బావ చేతిలో పెట్టి, "ఈ యేడు మడి నాదేనా బాబూ?" అని అడిగేది. "నీది కాక ఎవుల్దప్పా?" అనేవాడు బావ. అంతటితో కౌలు ఖాయం. కాగితం మాట ఎవరూ ఎత్తేవారు కాదు. రాసిస్తే మడి మీద హక్కు వస్తుందని సొంతదారుల భయం. రాయమంటే మడే పోతుందని కౌలుదార్ల భయం. ఊరంతా ఇంతే. సర్కారు రికార్డులో మాత్రం సాగు చేస్తున్నది సొంతదారే.

తొంభైల్లో పెద్ద తుఫాను వచ్చింది. మా క్వార్టర్ల మీద చెట్లు పడ్డాయి, యార్డు పైకప్పు రేకులు ఎగిరిపోయాయి, కరెంటు లేదు. బావకి అవేవీ పట్టలేదు. గాలి తగ్గీ తగ్గకముందే స్కూటర్ తీశాడు. అచ్యుతాపురం దాటాక రోడ్డు లేదని బండి అక్కడే పెట్టి నడిచి వెళ్ళాడు. సాయంత్రం మోకాళ్ళదాకా బురదతో వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పాలు పోసుకుంటున్న చేనంతా పడిపోయిందట. ఏటి ఉప్పునీరు మీదుగా పారి మట్టి కప్పేసిందట. పైడమ్మ గట్టు మీద కూర్చుని ఉందట. "ఒండు కప్పీసినాది బాబూ, కోత్తే గడ్డి కూడా రాదు," అందట. ఆ మాట చెప్పి బావ చాలాసేపు కాళ్ళు కడుక్కోలేదు.

కొన్నాళ్ళకి పంట పోయిన రైతులకి ప్రభుత్వం సాయం ప్రకటించింది. ఎవరికి వస్తుందో ఊళ్ళో సభ పెట్టి, మైకులో అందరి ముందూ చదువుతారని చెప్పారు. అంతవరకూ ఇలాంటివి నాలుగు గోడల మధ్య అయిపోయేవి. సొంతదారు పేరు మీద సాయం వస్తుంది, మనసున్నవాడైతే కౌలుదారుకి సగం చేతిలో పెడతాడు, లేనివాడు నవ్వి ఊరుకుంటాడు. బావ అన్నయ్య కూడా "సగం పైడమ్మకి ఇచ్చీద్దాం, గోలెందుకు," అన్నాడు. బావకి మైకు మాట విన్న దగ్గర్నుంచి కాలు నిలవలేదు. "అందరి ముందూ సదువుతారంటే! ఇంకేటి దాపరికం?" అని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. అక్కకి ఒంట్లో బాగోలేదు. బావ తిండి మానేసి తిరుగుతాడని నన్ను వెంట పంపింది. అలా ఆ సభలో నేనున్నాను.

బడి ముందు షామియానా వేశారు. సొంతదారులు కుర్చీల్లో, కౌలుదార్లు వెనక నేల మీద. ఎమ్మార్వో పక్కన కూర్చున్న గుమస్తా మైకులో ఒక్కో పేరూ చదువుతున్నాడు. బావ పేరు చదివి, "సాగుదారు, స్వయంగా," అన్నాడు. బావ లేచి నిలబడ్డాడు.

"అయ్యా, అది తప్పండి. నాను సేత్తన్నది స్టీల్ ప్లాంట్‌లో ఉద్దోగం. రేవుమడి నాను దున్నలేదు, ఊడ్సలేదు. సేసింది పైడమ్మ. నా పేరు కొట్టీసి ఆవిడ పేరు రాయండి."

మైకు గుయ్‌మంది. ఎమ్మార్వో కసురుకునే మనిషి కాదు, నెమ్మదిగానే అడిగాడు, కౌలు కాగితం ఏమన్నా ఉందా అని. లేదన్నాడు బావ. రసీదు? లేదు. ఎమ్మార్వో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరే సాగు చెయ్యడం లేదంటున్నారు కాబట్టి మీకివ్వడానికి లేదు. ఆవిడ దగ్గర కాగితం లేదు కాబట్టి ఆవిడకీ ఇవ్వడానికి లేదు. మైకు ముందు చెప్పారు, నేను వినలేదనలేను కదండీ."

గుమస్తా బావ పేరు మీద గీత గీశాడు. పక్కన ఏమీ రాయలేదు.

అక్కడితో ఆగితే బాగుండును. ఇంత మంది ముందు ఒక మాట బయటపడ్డాక ఎమ్మార్వో మిగతా వాళ్ళనీ అడగాల్సి వచ్చింది. మీరు స్వయంగా చేస్తున్నారా, మీరు? పోర్టులో పనిచేసేవాళ్ళు, మా టౌన్‌షిప్పులో ఉండేవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ పేర్లన్నీ విచారణకని పక్కన పెట్టారు. ఆ విచారణ ఎప్పటికీ తేలలేదు. గుట్టుగా సగమో పాతికో అందుకోవాల్సిన కౌలుదార్లకి ఆ యేడు ఏమీ లేకుండా పోయింది.

సభ అయ్యాక అన్నయ్య బావని బడి వెనక్కి లాక్కుపోయాడు. "ఇంట్లో మాట ఇంట్లో సెప్పాల. మైకు ముందు సెప్తావేట్రా? అరిచ్చంద్రుడివనుకున్నావా?" అని చొక్కా పట్టుకున్నాడు. ఆ ఇస్త్రీ చొక్కా గుండీ ఊడి నేలమీద పడింది. ఎవరూ తియ్యలేదు, నేనే తీశాను.

పైడమ్మ అరవలేదు. చుట్ట తీసి ఉమ్మేసి, బావ ఎదురుగా వచ్చి నిలబడింది. "నానడిగినానా బాబూ నిన్ను? ఆ సగం వొస్తే ఇత్తనాలు కొనుక్కుందును. నీ నిజాన్ని నీరు కట్టి ఊడ్సమంటావేటి?" అంది. ఆవిడ వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో బావ స్కూటర్ పక్కకి ఆపి, తాటిదుంగ మీద కూర్చున్నాడు. "తప్పు కొట్టీసినాక సరైంది రాయాల కదే? యార్డులో అలగే కదే సేత్తాం?" అని అడిగాడు, నేనేదో ఆఫీసర్ని అయినట్టు. ఏం చెప్తాను? లోకమంతా బిల్లెట్ యార్డు కాదు బావా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూసి మింగేశాను.

మరుసటి యేడు అన్నయ్య తన వాటా పైడమ్మ దగ్గర్నుంచి తీసేసి ఇంకొకరికి ఇచ్చాడు. తమ్ముడితో మాటలు మానేశాడు. రేవుమడిని పైడమ్మే వదిలేసింది. బావ బియ్యం బస్తా మోయించుకుని వాళ్ళ ఇంటికి వెళ్తే లోపలికి రానివ్వలేదు. బస్తా వీధిలోనే ఉండిపోయింది, మేకలు చింపుకుని తిన్నాయి. ఆవిడ రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి కుదిరింది. తొలకరికి ముందు మా వరండాకి ఎవరూ రాలేదు. బావ ఆ వారమంతా ఏ చప్పుడైనా గేటు వైపు చూశాడు.

గోడ కథ అప్పుడు మొదలైంది. ఊరి మొదట్లో రోడ్డు పక్కన తుఫాను షెల్టరు ఉంది. గాలీవానా వస్తే జనం తలదాచుకోవడానికి కట్టింది, మిగతా రోజుల్లో మేకలుంటాయి. ఊడ్పులు అయ్యాక బావ తన వీక్లీ ఆఫ్‌లో వెళ్ళి రోడ్డు వైపు గోడకి సున్నం కొట్టాడు. గాజువాకలో సొంతంగా కొన్న నల్ల ఎనామిల్‌తో ఊళ్ళో మడుల పేర్లు వరసగా రాశాడు. పుట్టమడి, తాటిమడి, దిబ్బమడి. ప్రతి పేరు పక్కనా ఆ యేడు దాన్ని చేస్తున్న మనిషి పేరు. సొంతదారు పేరు ఎక్కడా లేదు. "అదెలాగూ ఆఫీసులో ఉంది కదా," అన్నాడు. మొట్టమొదట రాసింది రేవుమడి, పక్కన పైడమ్మ. ఆవిడ ఒప్పుకోలేదు, ఆ యేడు ఆ మడి ఎవరూ చెయ్యనూ లేదు. పేరు చూస్తే మనసు మారుతుందని ఆశపడ్డాడు పిచ్చి మనిషి.

పైడమ్మకి చదువు రాదు. ఎవరో చెప్పారు. మర్నాడు తట్టలో పేడ పట్టుకొచ్చి తన పేరు మీద మెత్తింది. "నా పేరు ఆడి సేతిలో ఎట్టను," అందట. ఆ సంగతి విని నేను బావనే కోప్పడ్డాను. అడక్కుండా రాయడానికి అదేమన్నా నా హవాయి చెప్పా, ఎవరి పేరు వాళ్ళది కాదూ అన్నాను. బావ తలూపాడు. పేడ తుడిచెయ్యకుండా దాని మీదే సున్నం కొట్టి వచ్చాడు. ఆవిడ పూసింది తీసే అధికారం కూడా తనకి లేదనుకున్నాడేమో. ఆనాటి నుంచి అడిగి, సరేనంటేనే ఎవరి పేరైనా రాసేవాడు.

సరేననేవాళ్ళు ఎక్కడున్నారు? "పేరు గోడకెక్కితే మడి పోద్ది బాబూ," అని కౌలుదార్లు దణ్ణం పెట్టేవారు. సొంతదార్లు రాత్రికి రాత్రి మట్టి పూసేవారు. పంచాయతీ గోడ పాడు చేస్తున్నాడని ఒకాయన ఫిర్యాదు చేశాడు. అయినా ఏడాదికి ఒకరిద్దరు చొప్పున సరేననేవాళ్ళు పెరిగారు. బావ ఏటేటా ఊడ్పులయ్యాక వెళ్ళి, పాతవాటి మీద సున్నం కొట్టి, కొత్తగా అడిగి రాసి వచ్చేవాడు. వచ్చాక అక్క ఆయన నడుముకి ఆముదం రాస్తుంటే ఒకటే సణుగుడు. "ఎనామిలు మీద సున్నం నిలవదే. ఏటేటా రెండు పూతలు ఎయ్యకపోతే ఊడిపోతాది." ఈ గోడ చూసి ఎవరిస్తారు బావా సాయం అని అడిగితే ఎవరూ ఇవ్వరన్నాడు. మరెందుకంటే, "మడి ఎవులు సేసినారో ఊరికి తెలుసు. తెలిసింది బైట ఉండాల. లోపలుంటే కుళ్ళిపోద్ది," అన్నాడు.

రేవుమడి మాత్రం ఏటేటా వరసలో మొదటనే ఉండేది, పక్కన ఖాళీతో. దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు. తుంగ మొలిచింది, గేదెలు పడుకున్నాయి, అన్నయ్య ఊళ్ళో నలుగురికీ చూపించి నవ్వాడు. తొలకరికి ముందు అక్క ఆకూ వక్కా కట్టి ఇచ్చేది, బావ దాన్ని ఊళ్ళో ఎవరి చేతనో పైడమ్మకి పంపేవాడు. ఒకప్పుడు ఆవిడ తెచ్చిన తాంబూలం ఇప్పుడు ఇటునుంచి వెళ్ళేది. ఆవిడ ఆకు నమిలేసేది, జవాబు చెప్పేది కాదు. "తిప్పి పంపనేదు కదే," అనేవాడు బావ. ఆ ఒక్క మాటతో ఏడాది గడిపేసేవాడు.

రెండువేల దశకంలో మళ్ళీ వరద వచ్చింది. ఈసారి మండలానికి కొత్తగా ఒకావిడ ఎమ్మార్వోగా వచ్చింది. జీపు దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గోడ ముందు నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎవరు రాశారని అడిగి బావని పిలిపించింది. మర్నాడు సభ బడి దగ్గర కాకుండా ఆ గోడ దగ్గరే పెట్టింది. ఒక్కో మడి పేరూ చదివి, సొంతదారుని నిలబెట్టి, కాదనేది ఉంటే ఇక్కడే అందరి ముందూ చెప్పండి అంది. ఇన్నేళ్ళుగా గోడ మీద ఉన్న పేరుని కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. కాదనకపోతే సొంతదారు చేత అక్కడే సంతకం పెట్టించింది. ఆ పేర్లు రాసిన కాగితం వారం రోజులు ఆ గోడకే అంటించి ఉంచింది. గోడ మీద పేరున్న కౌలుదార్లకి సాయం అందింది. ఊళ్ళో అలా జరగడం అదే మొదలు.

ఆ సాయంత్రం నేను పకోడీలు వేశాను. బావ ముట్టుకోలేదు. "అందరికీ వొచ్చినాదే, ఆవిడకి తప్ప," అన్నాడు. నిజమే. పైడమ్మకి మడే లేదు, పేరెక్కడినుంచి వస్తుంది? ఎవరి కోసం ఆ గోడ మొదలుపెట్టాడో ఆవిడే అందులో లేదు. నాకు ఆ రోజు బావ మీద జాలి వేసింది, కోపమూ వచ్చింది. పోయి కాళ్ళు పట్టుకో, లేదా వదిలెయ్ అన్నాను. "కాళ్ళట్టుకుంటే మొగమాటానికి ఒప్పుకుంటాదే. అదొద్దు," అన్నాడు.

అప్పటికే అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీలు లేచాయి. రొయ్యల షెడ్డు మూతపడ్డాక పైడమ్మ ఒక కంపెనీలో ఊడ్చే పనికి చేరింది. పొద్దున్నే వ్యాను వచ్చి ఎక్కించుకునేది. అది ఆగేది షెల్టరు దగ్గరే. ఆవిడ రోజూ ఆ గోడకి వీపు పెట్టి నిలబడేది. బావ ఊరెళ్ళిన రోజుల్లో ఎదురుగా టీ బడ్డీ దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. నేనూ ఒకసారి చూశాను. ఇద్దరి మధ్యా ఉన్నది రోడ్డే. ఆవిడ ఇటు చూడదు, ఈయన అటు వెళ్ళడు. వ్యాను వచ్చి ఆవిణ్ణి తీసుకుపోయేది, బావ చల్లారిన టీ పారబోసేవాడు.

ఈ యేడు ఆకూ వక్కా కట్టకముందే బావ పోయాడు. అన్నయ్య కబురు విని వచ్చాడు, తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని తుండుగుడ్డలో మొహం పెట్టుకున్నాడు. అనడానికి ఇన్నేళ్ళు గడువున్నప్పుడు అనలేదు, ఇప్పుడు వినేవాడెవడు?

పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది, నడుం వంగింది. లోపలికి రమ్మన్నా రాలేదు, వరండాలో పాత చోటే కూర్చుంది. అక్క టీ ఇచ్చింది.

"ఈ యేడు ఆకు రానేదేటని అడిగినానమ్మా. అడిగితే సెప్పినారు," అంది.

అక్క వచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది.

"సేద్దామనే అనుకున్నాను పెతీ యేడూ. ఆకు నోట్లో ఎట్టుకుంటే కోపం ముందొచ్చీసీది. ఆ యేడు ఇత్తనాల్లేక నా గుంటల్ని, పసిపిల్లల్ని, పనికంపినాను, అది గేపకం వొచ్చీసీది. ఆయన సెడ్డోడు కాదని తెల్దా నాకు? ఇప్పుడు సేత్తానన్నా మోకాళ్ళు ఒంగవు."

అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని అప్పుడు ఏడ్చింది, బావ పోయిన రోజు ఏడవని ఏడుపంతా. పైడమ్మ ఏడవలేదు. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

మొన్న వానలు పడ్డాక అక్కా నేనూ ఊరు వెళ్ళాం. బావ లేని రేవుమడిని ఒకసారి చూడాలంది అక్క. బస్సు దిగేసరికి ఇంకా పొద్దున్నే. షెల్టరు దగ్గర వ్యాను కోసం నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు, వాళ్ళలో పైడమ్మ. ఈసారి గోడకి వీపు పెట్టలేదు. గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

ఈ యేడు సున్నం కొట్టినవాళ్ళు లేరు. ఉప్పుగాలికీ వానకీ పాత పూతలు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయాయి. మిగతా చోట్ల ఒక యేడు పేరు మీద ఇంకో యేడు పేరు పడి ఏ అక్షరం ఎవరిదో తెలియడం లేదు. రేవుమడి పక్కన మాత్రం ఇన్నేళ్ళూ బావ ఏమీ రాయలేదు కదా. అక్కడ ఒట్టి సున్నమే ఉంది, అది పొర పొరంతా ఊడి రాలిపోయింది. అడుగున పేడ మరక, ఆ మరకలో బావ చేతి నల్ల అక్షరాలు.

"అదేటి రాసుందమ్మా?" అని అడిగింది పైడమ్మ నన్ను.

"రేవుమడి. పక్కన పైడమ్మ."

"మల్లీ రాసినాడా?"

"లేదు పిన్నీ. పాతదే. నువ్వు పేడ పూసిందే."

ఆవిడ ముందుకి వెళ్ళి గోడ మీద చెయ్యి వేసింది. చివరి అక్షరం మీద ఇంకా కాస్త సున్నం పట్టుకుని ఉంది. అక్షరం రాని మనిషి, అది ఏ అక్షరమో కూడా తెలియదు. బొటనవేలి గోటితో మెల్లగా గీకడం మొదలుపెట్టింది. వ్యాను వచ్చి ఆగింది, హారన్ కొట్టింది, లోపల్నుంచి ఎవరో పిలిచారు. సున్నం అంతా రాలి అక్షరం పూర్తిగా కనిపించేదాకా ఆవిడ కదల్లేదు. తరవాత వెళ్ళి వ్యాను ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఊచ పట్టుకున్న ఆ చేతి గోళ్ళ సందుల్లో తెల్లగా సున్నం కనిపించింది.